తోకచుక్క గాలికి తడిగుడ్డ

కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు అప్పుడప్పుడూ తెనాలిలో మా ఇంటికి వస్తుంటారు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మేడమ్, క్లాసులో పిల్లలు నిద్రపోకుండా చెప్పాలంటే ఏం చెయ్యాలి?" అని. దానికి ఒకప్పుడు నా దగ్గర మంచి జవాబుండేది. ఇప్పుడు టీ ఇచ్చి మాట మార్చేస్తున్నాను. మార్చిన ప్రతిసారీ సిగ్గుగా ఉంటోంది. అందుకే ఆ సంగతేంటో ఒక్కసారి రాసేసి ఊరుకుందామనుకున్నాను.

నేను రేపల్లెలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. తెనాలి నుంచి పొద్దున్నే రైలెక్కి వెళ్ళడం, సాయంత్రం అదే రైల్లో తిరిగి రావడం. ఉద్యోగ జీవితంలో సగం వేమూరు, భట్టిప్రోలు స్టేషన్లు చూస్తూనే గడిచిపోయింది. సిలబస్‌లో లేని ఇష్టం ఒకటి నాకుండేది. వేరే లోకాల గాలి. గ్రహాల చుట్టూ ఏ వాయువులున్నాయి, ఏ మబ్బులున్నాయి అన్నది ఎంత చదివినా తనివితీరేది కాదు. శుక్రుడి మబ్బులు దూరం నుంచి పాలనురగలా ఉంటాయి, వాటి నిండా ఉన్నది సల్ఫ్యూరిక్ యాసిడ్. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ అనే చందమామకి నారింజ రంగు పొగమంచు దుప్పటి. అక్కడా వాన పడుతుంది, కాకపోతే పడేది నీళ్ళు కాదు, మీథేన్. అంగారకుడి గాలి ఎంత పలచనంటే అక్కడ తుపాను లేచినా మన పైట చెంగు సరిగా ఎగరదు. పాఠం మధ్యలో పది నిమిషాలు ఈ కబుర్లు చెబితే వెనక బెంచీలు కూడా లేచి కూర్చునేవి.

ఆ పిచ్చి చూసి చుట్టుపక్కల స్కూళ్ళవాళ్ళు ఉపన్యాసాలకు పిలిచేవాళ్ళు. కొల్లిపర, చెరుకుపల్లి, బాపట్ల, ఎక్కడికి పిలిచినా వెళ్ళేదాన్ని. మా బోటనీ సార్‌కి కారుండేది. ఆయన నా స్నేహితుడు, నా మొదటి శ్రోత, నా డ్రైవరు కూడా. సభ ముందు వరసలో కూర్చుని, ఎన్నోసారి వింటున్నా మొదటిసారి విన్నట్టు మొహం పెట్టేవారు.

ఒక ఏడాది ఆకాశంలోకి ఆకుపచ్చ తోకచుక్క ఒకటి వచ్చింది. పేపర్లలో పడింది. బాపట్లలో ఒక స్కూలువాళ్ళు పిలిచారు. పిల్లలే కాదు, తల్లిదండ్రులూ వచ్చారు, హాలు నిండిపోయింది. నేను మంచి ఊపు మీదున్నాను. శుక్రుడితో మొదలుపెట్టి, టైటన్ మీదుగా తోకచుక్క దాకా తీసుకొచ్చాను. అందరూ తోక చూస్తారు, నాకు మాత్రం తలే ముఖ్యమని చెప్పాను. లోపల ఉన్నది మురికి మంచుగడ్డ. సూర్యుడి దగ్గరికొచ్చేసరికి ఆ మంచు కరిగి నీరు కాకుండానే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గడ్డ చుట్టూ మబ్బులా కమ్ముకుంటుంది. గడ్డ మన మండలమంతైనా ఉండదు, మబ్బు మాత్రం భూమికంటే పెద్దది.

"రేపు సాయంత్రం ఇది మనకు బాగా దగ్గరగా వస్తోంది," అన్నాను. "దీని తల నిండా విషవాయువు."

అక్కడ ఆగాను. ఆ ఆగడం నా అలవాటు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ క్షణమంటే నాకు మహా ఇష్టం. అందరి మొహాలూ చూసి, నవ్వి, అప్పుడు మిగతాది చెప్పాను. దగ్గరగా అంటే చందమామకంటే ఎన్నో రెట్లు దూరం. ఆ మబ్బు ఎంత పలచనంటే మనం ల్యాబులో పంపు పెట్టి గాలి తోడేసిన గాజు కుప్పెలో కూడా అంతకంటే ఎక్కువ వాయువు మిగులుతుంది. ఆ విషం కూడా అందులో ఏదో కాస్త. అది మన దాకా రాదు, మీ తలలో ఒక్క వెంట్రుక కూడా కదలదు. చప్పట్లు మోగాయి. తిరిగొస్తుంటే కార్లో బోటనీ సార్, "మేడమ్, మీరు విషమని ఆగారు చూశారూ, నాకే గుండె దడదడలాడిందండి," అన్నారు. నేను మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్న రైల్లో ఉండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి తెనాలి బజారులో టైలరింగ్ షాపు. మా ఇళ్ళలో అక్కను ఆపా అనే పిలుస్తారు.

"ఆపా, ఈ వీడియోలో ఉంది నువ్వేనా?"

"ఏ వీడియో?"

"తలుపులు తియ్యొద్దు, ఫిజిక్స్ మేడమ్ హెచ్చరిక అని తిరుగుతోంది. షాపుకొచ్చినోళ్ళందరి ఫోన్లలో ఉంది."

పంపించమన్నాను. చూశాను. నేనే. నా గొంతే, నా కళ్ళజోడే. రేపు సాయంత్రం దగ్గరగా వస్తోంది, తల నిండా విషవాయువు. అక్కడితో అయిపోయింది. కింద ఎర్ర అక్షరాలు, వెనక ఏదో భయం పుట్టించే సంగీతం. ఎవరు తీశారో, ఎవరు కత్తిరించారో ఇప్పటికీ తెలియదు. కత్తిరించడానికి వాళ్ళు కష్టపడలేదు. నేను ఎక్కడ ఆగానో అక్కడే ఆపేశారు.

స్టాఫ్ రూములోకి అడుగు పెట్టగానే ఇంగ్లీషు మాస్టారు ముక్కు మూసుకుని, "మేడమ్, ఇవాళ గాలి పీల్చుకోవచ్చాండి?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రిన్సిపాల్ గారు మాత్రం నవ్వలేదు. బోటనీ సార్, నేను ఖాళీ క్లాసులో నిలబడి ఇంకో వీడియో తీశాం, ఏ ప్రమాదమూ లేదు, అది అబద్ధమని. తెలిసిన వాళ్ళందరికీ పంపించాం. "బాగా చెప్పారు" అని జవాబులొచ్చాయి గాని, దాన్ని ఇంకొకరికి పంపినవాళ్ళు కనబడలేదు. నవ్వుతూ ప్రమాదం లేదని చెప్పే మనిషిని చూడ్డానికి ఎవరికీ తొందరుండదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త నంబరు నుంచి ఫోను. రేపల్లె అవతల, సముద్రం వైపున్న ఊళ్ళో ఆశా కార్యకర్తగా చేస్తున్న అమ్మాయి. మా కాలేజీలోనే ఇంటర్ చదువుకుంది.

"మేడమ్, మీరొకసారి మా ఊరు రావాలండి. ఇక్కడ ఒకమ్మాయికి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. అంబులెన్సు వచ్చి వీధిలో నిలబడింది. వాళ్ళు తలుపు తియ్యట్లేదండి."

"ఎందుకు తియ్యట్లేదు?"

"మీ వీడియో చూపిస్తున్నారు మేడమ్, కిటికీలోంచి."

బోటనీ సార్ కారు తాళాలు తీసుకుని లేచారు. దారిలో చెరువులు, రొయ్యల గుంటలు దాటుకుంటూ వెళుతుంటే, ఒక్కోసారి నా వైపు చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగేవారు. ఏం చెప్పాలో నేను మనసులో వల్లె వేసుకుంటున్నాను. పలచదనం గురించి, దూరం గురించి, మన భూమి చుట్టూ ఉన్న గాలిపొర గురించి.

ఆ ఊరు చూసేసరికి వల్లె వేసుకున్నదంతా పోయింది. ఎండ కాస్తోంది, మంచి గాలి వీస్తోంది, వీధిలో మనిషి లేడు. పడవలన్నీ కాలువ ఒడ్డునే ఉన్నాయి. తలుపుల సందుల్లో పాత చీరలు కుక్కారు. కిటికీలకు బ్రౌన్ టేపు అంటించారు. కోళ్ళను కూడా గంపల కింద మూసి, గంపల మీద తడి గోనెలు కప్పారు. వాళ్ళది మూఢనమ్మకం అనుకోకండి. గ్యాస్ లీకై జనం రోడ్ల మీద పడిపోతున్న దృశ్యాలు టీవీలో వాళ్ళూ చూశారు. గ్యాస్ వస్తోందంటే ఏం చెయ్యాలో వాళ్ళకు తెలిసినంతలో శ్రద్ధగా చేశారు. శ్రద్ధగా చేసిన ఆ పనంతా నా మాట మీద చేశారు. అంబులెన్సు పక్కన ఆ ఆశా అమ్మాయి ఒక్కతే ఎండలో నిలబడి ఉంది.

"మేం తలుపు బద్దలు కొట్టలేం కదండి," అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

తలుపు కొట్టాను. లోపల మూలుగు వినబడుతోంది. కిటికీకి అంటించిన టేపు ఒక మూల కొంచెం లేచింది. ఒక పెద్దావిడ కన్ను కనబడింది. నొప్పులు పడుతున్న అమ్మాయి అత్తగారు.

"ఎవరూ?"

"నేనమ్మా, ఆ వీడియోలో మాట్లాడినదాన్ని."

ఆవిడ చాలాసేపు చూసింది. "మేడంగారేనా! మీరు బయట తిరుగుతున్నారేంటండీ?"

"గ్యాసేమీ లేదమ్మా. ఉంటే నేనిలా తిరుగుతానా? తలుపు తియ్యండి, కోడల్ని ఆసుపత్రికి తీసుకెళదాం."

"లేదని ఇప్పుడంటున్నారు. ఉందని నిన్నన్నారు."

"నిన్న నేను చెప్పింది సగమే చూపించారమ్మా. మిగతా సగం కోసేశారు."

"ఆ మిగతా సగం ఏదండి మరి?"

నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. బోటనీ సార్ ఫోనులో పొద్దున తీసిన వీడియో పెట్టి కిటికీకి ఆనించారు. ఆవిడ చూసింది. "ఇది మీ చేత బలవంతంగా చెప్పించినట్టుందండి," అంది. "జనం భయపడతారని పెద్దోళ్ళు ఇలాంటివి దాచేస్తారంట."

ఇక నేను పాఠం మొదలుపెట్టాను. ఆ అరుగు మీద కూర్చుని, ఒక కిటికీ సందుకు, జీవితంలో ఎప్పుడూ చెప్పనంత చక్కగా చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను. ఆవిడ అంతా వింది. విని ఒక మాటంది.

"మొన్న టీవీలో జాతకాలాయన ఈ చుక్క గురించి ఏదో చెబితే మేం నవ్వుకున్నామండి. మీరు చదువుకున్నోళ్ళు, పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు. మీరు చెప్పారని నమ్మాం."

ఉద్యోగంలో చాలామంది చేత చాలా మాటలు పడ్డాను. తిట్టినవాళ్ళున్నారు, ఎగతాళి చేసినవాళ్ళున్నారు. ఆవిడ తిట్టలేదు, ఎగతాళీ చెయ్యలేదు. ఉన్నమాట చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లోపలి నుంచి ఒక్కసారిగా పెద్ద కేక. తర్వాత ఆ పిల్ల గొంతు, ఆయాసంతో, కోపంతో.

"తలుపు తియ్యత్తా! ఆ గ్యాసుకన్నా ముందు ఇదే చంపేట్టుంది నన్ను!"

నా పాఠం చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. లోపల గబగబా అడుగులు, బిందెలో నీళ్ళ చప్పుడు. గడియ తీశారు. అత్తగారు ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని ఉంది. కొడుకు కూడా కట్టుకుని, భార్యను రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్ల మొహం సగం తడిగుడ్డతో కప్పేశారు. గుమ్మం దాటబోతూ అత్తగారు ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసి, చేతిలో మిగిలిన తడిగుడ్డ నాకు అందించింది.

"మీరూ కట్టుకోండి. మీరు కట్టుకుంటేనే మేం వస్తాం."

ఇప్పుడు మీరందరూ ఎవరికి వాళ్ళు ఏం చేసేవాళ్ళో ఆలోచించుకోండి. ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినదాన్ని. సముద్రం మీంచి శుభ్రమైన గాలి వస్తోంది. వద్దమ్మా, అవసరం లేదని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఆవిడ మళ్ళీ గడియ వేసుకోవచ్చు. ఆ పిల్ల కాళ్ళు వణుకుతున్నాయి, చీర కుచ్చెళ్ళు తడిసిపోయి ఉన్నాయి.

కట్టుకున్నాను. తల వెనక ముడి వేసుకున్నాను. బోటనీ సార్ నా వైపు చూసి, ఆయనా జేబురుమాలు తీసి ముక్కుకు కట్టుకున్నారు. గుమ్మం నుంచి అంబులెన్సు దాకా, ఆ పిల్లను మధ్యలో పెట్టుకుని, అందరం అలా నడిచాం. ఎదురింటి కిటికీలో ఒక టేపు ముక్క లేచి ఉండడం చూశాను. దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

రేపల్లె ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. బల్ల మీద అత్తగారు, నేను పక్కపక్కనే కూర్చున్నాం. నా గుడ్డ అంబులెన్సులోనే తీసేశాను. ఆవిడది ఇంకా ఉంది. నర్సులు, ఆయాలు, క్యారేజీలు మోసుకొచ్చే బంధువులు అందరూ మామూలుగా తిరుగుతుంటే చూస్తూ కూర్చుంది.

"ఇక్కడెవరూ కట్టుకోలేదేంటండీ?"

"గ్యాస్ లేదమ్మా."

"మరి మీరెందుకు కట్టుకున్నారు?"

"మీ కోడలు బయటికి రావాలని."

ఆవిడ తువ్వాలు నెమ్మదిగా విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "అంటే అబద్ధమాడారా?"

"అవునమ్మా."

"ఏది అబద్ధమండి? నిన్నటిదా, ఇవాళ్టిదా?"

అంతలో డాక్టరమ్మ బయటికి రావడంతో ఇద్దరం లేచాం. ఆడపిల్ల. వెంటనే ఏడవలేదట, అద్దాల పెట్టెలో ఉంచారు. తల్లికి రక్తం బాగా పోయింది, ఎక్కించాలి. డాక్టరమ్మ అలసటతో అంది, "ఇంత ఉమ్మనీరు పోయేదాకా ఇంట్లో ఏం చేశారమ్మా? పొద్దున్నే తెచ్చుంటే ఇంత అవస్థ ఉండేది కాదుగా." అత్తగారు నా వైపు తిరిగి చూడలేదు. చూసినా బాగుండేది. "భయపడ్డామండి" అని మాత్రం చెప్పి నేలకేసి చూసింది. తప్పంతా తనదే అన్నట్టు.

"ఆలస్యం నా మూలంగా అయింది డాక్టర్ గారూ," అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, అడిగే తీరికా లేదు. లోపలికి వెళ్ళిపోయింది.

తల్లీబిడ్డా దక్కారు. తల్లి కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. నేను రోజూ కాలేజీ అయ్యాక వెళ్ళి చూసొచ్చేదాన్ని. ఆ పిల్ల నాతో మామూలుగానే మాట్లాడేది, టైటన్ మీద వాన సంగతి కూడా అడిగి చెప్పించుకుంది. అత్తగారు మాత్రం నేను రాగానే మర్యాదగా లేచి నిలబడి, వెళ్ళేదాకా నిలబడే ఉండేది. కూర్చోమ్మా అంటే, "పర్లేదండి" అనేది. అదొక శిక్షలా ఉండేది నాకు.

అసలు శిక్ష వేరే ఉంది. ఎదురింటి కిటికీలోంచి ఎవరో ఫోటో తీశారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న నేను, రుమాలు కట్టుకున్న బోటనీ సార్, వెనక అంబులెన్సు, మధ్యలో మొహం కప్పిన మనిషి. ఆ ఫోటో పాత వీడియోకంటే దూరం వెళ్ళింది. కింద రాశారు: ప్రమాదం లేదని పైకి చెబుతున్నారు, మేడమ్ మాత్రం గుడ్డ కట్టుకుంది చూడండి. దీనికి నేను ఏ వీడియో చేసి జవాబివ్వను? నిజంగానే కట్టుకున్నానుగా.

ప్రిన్సిపాల్ గారు గదిలోకి పిలిచి, ఇక బయటి సభలకు వెళ్ళొద్దన్నారు. కోపంగా కాదు, నన్ను కాపాడుతున్నట్టు. నేను ఎదురు చెప్పలేదు. ఒకటి రెండు స్కూళ్ళవాళ్ళు ఆ తర్వాత కూడా పిలిచారు. ఆరోగ్యం బాగాలేదన్నాను. బోటనీ సార్ మాత్రం, "మీరు మానేస్తే ఆ కత్తిరించినవాడే గెలిచినట్టండి," అని పోట్లాడేవారు. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ వేదిక మీద నిలబడితే నాకు హాలు కనబడేది కాదు, టేపు మూల ఎత్తి చూస్తున్న కన్ను కనబడేది. క్లాసులో చెప్పడం మాత్రం మానలేదు. సిలబస్ చెప్పాను. పిల్లలు హాయిగా నిద్రపోయారు.

ఆ గుడ్డ కట్టుకున్నందుకు నేను బాధపడను. మళ్ళీ ఆ గుమ్మం ముందు నిలబడితే మళ్ళీ కట్టుకుంటాను. అయినా సిగ్గు పోలేదు. చెయ్యాల్సిన పని చేసి కూడా మనిషి సిగ్గుపడొచ్చని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

రిటైరయ్యే ముందు ఒక సాయంత్రం రేపల్లెలో రైలెక్కాను. పెట్టె కిటకిటలాడుతోంది. కిటికీ దగ్గర కూర్చున్న ఒకావిడ నన్ను చూసి, గభాలున లేచి నిలబడింది. నేను ఎప్పుడూ చూడని మనిషి.

"కూర్చోండమ్మా, మీరు కూర్చోవాలి. మీరు ఆ వీడియో మేడమే కదూ! మీరు ముందే చెప్పబట్టే మేం తలుపులేసుకున్నామండి. మా ఇంట్లో ఒక్కరికి కూడా ఏమీ కాలేదు."

వద్దంటే వినలేదు, భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆ గ్యాస్ అసలు రాలేదనీ, వచ్చేదే కాదనీ, తలుపులు తెరిచి పెట్టుకున్నా ఏమీ అయ్యేది కాదనీ, నా మాట కోసేశారనీ. భట్టిప్రోలు దాటింది, ఇంకా చెబుతూనే ఉన్నాను. ఆవిడ కడ్డీ పట్టుకుని, ఊగుతూ, ప్రతి మాటకూ "అవునండి, అవునండి" అంటూ ఎంతో గౌరవంగా వింది. వేమూరులో దిగుతూ పక్కనున్న మనిషితో అంది, "ఎంత చదువుకున్నా గర్వం లేదు చూడు. మనల్ని కాపాడి కూడా నేనేం చెయ్యలేదంటోంది."

రైలు కదిలింది. ఆవిడ ప్లాట్‌ఫాం మీద నిలబడి, నేను కనబడుతున్నంతసేపూ రెండు చేతులూ జోడించే ఉంచింది. ఆవిడిచ్చిన సీట్లో కూర్చుని నేనూ చేతులు జోడించాను.